మాటలో తప్పు లేదు, మరి తేడా ఎక్కడ కొడుతోంది?

ఎనిమిది నెలల కిందట ప్రమోషన్ మీద ఒక మండల కేంద్రంలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు హెడ్‌మిస్ట్రెస్‌గా వెళ్ళిన పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయొద్దన్నారు. ఆమె వయసు 44. స్టాఫ్ 16 మంది, అందులో తొమ్మిది మంది ఆమెకన్నా పెద్దవాళ్ళు.

మీటింగ్‌లో చెప్పాల్సిన మాటలన్నీ ఆమె ముందే కాగితం మీద రాసుకుంటారు. ఎవర్నీ పరుషంగా అనరు. అయినా మీటింగ్ అయ్యాక స్టాఫ్‌రూమ్ నుంచి రెండు రకాల మాటలు చెవిన పడుతున్నాయి. పెద్దవాళ్ళు "మేడం గారికి అప్పుడే కుర్చీ తలకెక్కింది" అంటున్నారు. చిన్నవాళ్ళు "ఎప్పుడు చూసినా చిరాగ్గా ఉంటారు, దగ్గరికి వెళ్ళాలంటే భయం" అంటున్నారు. ఇంట్లో భర్త కూడా "ముఖం అలా పెట్టుకుంటే ఎవరు మాట్లాడతారు?" అని ఒక మాట వేశారట.

మూడు నెలల కిందట నాయకత్వం మీద శిక్షణ అంటే వెళ్ళారు. మనం ఎదుటివారికి చేరవేసేదాంట్లో 93 శాతం బాడీ లాంగ్వేజ్, గొంతే, మాటలది ఏడు శాతమేనని అక్కడి శిక్షకుడు చెప్పారు. మీటింగ్‌కి ముందు రెండు నిమిషాలు నడుం మీద చేతులు పెట్టుకుని నిటారుగా నిలబడమన్నారు. మాట్లాడేటప్పుడు కళ్ళలోకి సూటిగా చూడమన్నారు. చేతులు కట్టుకుని కూర్చున్నాడంటే మనసులో మనల్ని కాదంటున్నట్టేనన్నారు. ఇవన్నీ తు.చ. తప్పకుండా పాటించాక పరిస్థితి ఇంకా బిగుసుకుందని ఆవిడ బాధ.

అన్నిటికన్నా ఎక్కువ నొప్పి లెక్కల మాస్టారితో. పన్నెండేళ్ళ కిందట ఇద్దరూ వేరే ఊళ్ళో ఒకే బడిలో పనిచేశారు, అప్పట్లో ఆయన్ని "అన్నయ్యా" అనేవారు. ఇప్పుడు నలుగురిలో బాగుండదని "సార్" అంటున్నారు. ఆయన ప్రతి మీటింగ్‌లోనూ కిటికీ పక్క కుర్చీలో చేతులు కట్టుకుని, ముఖం బయటికి తిప్పుకుని కూర్చుంటారు. పదో తరగతికి పొద్దున ఎనిమిదింపావు నుంచి ప్రత్యేక తరగతులని చెప్పినప్పుడు కూడా నోరు విప్పలేదు. "క్లాసులు మాత్రం టైముకి తీసుకుంటున్నారు, ఆ మాట చెప్పాలి" అని మూడో పేజీ అడుగున ఒక వాక్యం ఉంది.

ఇటీవల ఇంకో గొడవ. మధ్యాహ్న భోజనాల లెక్క ఫోన్‌లో ఎక్కిస్తూ, పక్కనే టీసీల మీద సంతకాలు పెడుతున్న సమయంలో ఇంగ్లిష్ టీచరు వచ్చి, బాబుకి జ్వరంగా ఉంది, మూడింటికి వెళ్తానని అడిగారు. ఈవిడ తల ఊపారు. ఆమె వెళ్ళిపోయారు. మూడున్నరకి తొమ్మిదో తరగతిలో గోల వినబడితే తప్ప ఆ సంగతి తెలియలేదు. మర్నాడు ఈవిడ రిజిస్టర్‌లో ఆమెకి సగం రోజు సీఎల్ (క్యాజువల్ లీవ్) వేశారు. "మీరు తల ఊపారు కదా మేడం" అని ఆ అమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "వింటున్నానని ఊపాను, వెళ్ళమని కాదు" అని ఈవిడ. స్టాఫ్ అంతా ఆ టీచరు వైపే నిలబడ్డారు.

లెక్కల మాస్టారు నన్ను వ్యతిరేకిస్తున్నారా? నా బాడీ లాంగ్వేజ్ ఎలా మార్చుకోవాలి? లేక వచ్చే బదిలీల్లో వేరే బడి చూసుకోవడం మేలా? ఇవీ ఆవిడ అడిగినవి.

*

మీరు మాట్లాడేటప్పుడు ఎలా నిలబడాలి, చేతులు ఎక్కడ పెట్టాలి అనేదాని మీద మీ ఉత్తరంలో దాదాపు రెండు పేజీలున్నాయి. ఎదుటివాళ్ళు మాట్లాడుతున్నప్పుడు మీరెలా ఉంటారన్నది మాత్రం మూడే చోట్ల వచ్చింది, అదీ మాటవరసకి: ఫోన్ చూస్తూ, సంతకాలు పెడుతూ, కొత్తగా వచ్చిన చత్వారం కళ్ళద్దాల మీదుగా చూస్తూ. మీ చిక్కులో ఎక్కువ భాగం ఆ మూడు చోట్లే ఉంది.

ముందు శిక్షణలో చెప్పినవాటిని కొంచెం దులుపుదాం. 93 శాతం అనే అంకె 1967లో అమెరికాలో ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే మనస్తత్వవేత్త, ఆయన సహచరులు చేసిన రెండు చిన్న ప్రయోగాల నుంచి వచ్చింది. ఒంటరి మాట ఒకటి రకరకాల గొంతుల్లో వినిపించి, రకరకాల ముఖాల ఫొటోలు చూపించి, ఈ మనిషికి ఎదుటివాళ్ళంటే ఇష్టమా, అయిష్టమా అని అడిగారు. మాట ఒకటి, గొంతు ఒకటి, ముఖం ఒకటి చెబుతున్నప్పుడు జనం ఇష్టాయిష్టాలను ఎక్కువగా ముఖం నుంచే పట్టుకుంటారని తేలింది. అంతే. తన అంకెలు ఇష్టాయిష్టాల సంగతికే వర్తిస్తాయని మెహ్రాబియనే తర్వాత స్పష్టంగా చెప్పారు. "ఎనిమిదింపావుకి పదో తరగతి ఎ సెక్షన్‌కి లెక్కలు" అనేది మాటే చెప్పాలి, ఏ చేతి సైగా చెప్పలేదు. అయితే ఆ ప్రయోగంలో మీకు పనికొచ్చేది ఒకటుంది. మీ మాట మర్యాదగా ఉండి, ముఖం చిరాగ్గా ఉంటే, మీ మనసులో ఏముందన్న విషయంలో స్టాఫ్ నమ్మేది ముఖాన్నే.

నడుం మీద చేతుల సంగతి. 2010లో 42 మందితో ఒక ప్రయోగం జరిగింది. ఒళ్ళు విరుచుకున్న భంగిమలు రెండు, ఒక్కోటి నిమిషం పాటు పెడితే హార్మోన్లు కూడా మారి ధైర్యం వస్తుందని దాని సారాంశం. ప్రపంచమంతా పాకింది. 2015లో 200 మందితో మళ్ళీ చేసి చూస్తే, ధైర్యంగా అనిపించిందని జనం చెప్పారు గానీ హార్మోన్లూ మారలేదు, ప్రవర్తనా మారలేదు. 2016లో మొదటి ప్రయోగం చేసినవారిలో ముఖ్యురాలైన డానా కార్నీయే, ఆ ప్రభావం నిజమని తాను ఇక నమ్మడం లేదని బహిరంగంగా రాశారు. తలుపు వేసుకుని రెండు నిమిషాలు నిలబడితే మీకు హాయిగా ఉంటే నిలబడండి, నష్టం లేదు. కానీ ఆ భంగిమ మీతోపాటు మీటింగ్‌లోకి వచ్చేస్తోంది. మన ఊళ్ళలో పెద్దవాళ్ళ ముందు ఆడవాళ్ళయినా మగవాళ్ళయినా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడితే "ఏంటి సంగతి?" అని నిలదీస్తున్నట్టే. కాలు మీద కాలు వేసుకోవడం, కాగితం ఎడమ చేత్తో అందించడం, పేరు పిలవకుండా పెన్నుతో మనిషిని చూపించడం కూడా ఆ కోవలోవే. తొమ్మిది మంది పెద్దవాళ్ళున్న గదిలో ఇవి ఎలా పడతాయో ఆ శిక్షణ పాఠం తయారుచేసినవాళ్ళకి తెలిసే అవకాశం తక్కువ.

ఇక అసలు చిక్కు. మనుషులు ఎవరు పైన, ఎవరు కింద అని ఎలా పసిగడతారన్నదాని మీద సామాజిక మనస్తత్వవేత్తలు చాలా పనిచేశారు. అందులో బాగా నిలబడ్డ సంగతి చూపుకి సంబంధించింది. కింది స్థాయిలో ఉన్నవాళ్ళు వినేటప్పుడు ఎదుటి మనిషిని ఎక్కువగా చూస్తారు, తాము మాట్లాడేటప్పుడు తక్కువ చూస్తారు. పై స్థాయివాళ్ళు రెండు సందర్భాల్లోనూ ఇంచుమించు ఒకేలా చూస్తారు. మాట్లాడేటప్పుడు బాగా చూసి, వినేటప్పుడు చూడటం మానేస్తే అది పెత్తనం కింద లెక్క. ఇప్పుడు మీ సంగతి తీసుకోండి. శిక్షణ తర్వాత మీరు మాట్లాడేటప్పుడు కళ్ళార్పకుండా చూస్తున్నారు. వాళ్ళు మాట్లాడేటప్పుడు ఫోన్‌లోనో టీసీ పుస్తకంలోనో ఉంటున్నారు. పెత్తనం చూపించడానికి ఇంతకన్నా బలమైన పద్ధతి ఎవరూ నేర్పలేరు. "కుర్చీ తలకెక్కింది" అన్న మాట అక్కణ్ణుంచే పుట్టి ఉంటుంది. మీ మనసులో అది లేదు, మీ చూపులో ఉంది.

దీన్ని తిప్పేయడం కష్టం కాదు. మాట్లాడేటప్పుడు చూపు కొంచెం వదులు చేయండి. ఒక్కొక్కరి దగ్గర ఒక వాక్యం పూర్తయ్యేదాకా ఆగి, తర్వాత ఇంకొకరి దగ్గరికి వెళ్ళండి. పెద్దవాళ్ళయితే కళ్ళలోకి కాకుండా కనుబొమల మీదకో, ముఖం మొత్తం మీదకో చూస్తే చాలు, వాళ్ళకి తేడా తెలియదు, గుచ్చినట్టూ ఉండదు. వాళ్ళు మాట్లాడేటప్పుడు మాత్రం పూర్తిగా చూడండి. పెన్ను కింద పెట్టండి. చేతిలో పెన్ను ఉన్నంతసేపూ "త్వరగా కానివ్వండి, సంతకాలున్నాయి" అని చెబుతున్నట్టే. భుజాలు కూడా వాళ్ళ వైపు తిరగాలి. మెడ మాత్రమే తిప్పి, ఒళ్ళు బల్ల వైపే ఉంచితే సగమే విన్నట్టుంటుంది.

ఫోన్ మాట వేరే చెప్పాలి. హాజరు ఎక్కించాలి, భోజనాల లెక్క పంపాలి, ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసు నుంచి "అర్జెంట్" అని రోజుకి పది మెసేజీలు. ఫోన్ పక్కన పడేయమని సలహా చెప్పడం తేలిక, మీ ఉద్యోగంలో అది కుదరదు. కుదిరేది ఏమిటంటే, ఫోన్ చూడాల్సి వస్తే ముందు నోటితో చెప్పి చూడటం. "ఒక్క నిమిషం సార్, ఆఫీసు నుంచి లెక్క అడుగుతున్నారు, పంపించి వింటాను" అని, పంపించి, ఫోన్ బోర్లా పెట్టి, "ఊఁ, చెప్పండి" అంటే ఎవరికీ కష్టం ఉండదు. చెప్పకుండా చూపు కిందికి దిగితేనే ఎదుటి మనిషి చిన్నబోతాడు. మీటింగ్ అరగంట ఉంటే ఆ అరగంట రికార్డ్ అసిస్టెంట్‌కి ఫోన్ అప్పగించి, పైఆఫీసు నుంచి కాల్ వస్తేనే తెమ్మనడం ఇంకో దారి. దీంట్లో ఇబ్బంది ఒకటే, ఏదైనా ఓటీపీ వస్తే అతను మధ్యలో రావాలి.

కళ్ళద్దాల సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ "చిరాకు" అన్న మాటకి అదే మూలమని నా అనుమానం. చదివే కళ్ళద్దాలు పెట్టుకుని దూరంగా కూర్చున్నవాళ్ళని చూడాలంటే గడ్డం దించి, అద్దాల పైనుంచి చూడాలి. గడ్డం దిగితే కనుబొమలు లేస్తాయి, నుదురు ముడత పడుతుంది. ఎదుటివాళ్ళకి కనిపించేది తప్పు పట్టుకున్న ముఖం. మనందరం చిన్నప్పుడు ఇలాంటి చూపు చూసే పంతుళ్ళ దగ్గర చదువుకున్నవాళ్ళమే. మార్గాలు మూడు. దగ్గరా దూరమూ రెండూ కనిపించే అద్దాలు వేయించుకోవడం ఒకటి, ఖర్చు ఎక్కువ, అలవాటు పడటానికి రెండు మూడు వారాలు పట్టొచ్చు, మొదట్లో మెట్లు దిగేటప్పుడు జాగ్రత్త. చదవడం అయ్యాక అద్దాలు తీసి బల్ల మీద పెట్టి మాట్లాడటం రెండోది, ఖర్చు లేదు, పైగా అద్దాలు తీయడమే "ఇప్పుడు మీ మాట వింటున్నా" అనడానికి గుర్తుగా స్టాఫ్‌కి అలవాటవుతుంది. మూడోది నోటితో చెప్పేయడం: "కొత్త కళ్ళద్దాలండీ, చదివేటప్పుడు నుదురు ముడుస్తున్నానట, కోపం అనుకోకండి." ఒక్కసారి నవ్వుతూ చెబితే సరిపోతుంది. నాలుగుసార్లు చెబితే సంజాయిషీ అవుతుంది.

మీ గది గురించి మీరే రాశారు. పెద్ద టేబుల్ వెనక మీరు, గోడ పొడుగునా ప్లాస్టిక్ కుర్చీల్లో స్టాఫ్. లెక్కేసుకుంటే చివరి కుర్చీ మీకు పది పన్నెండు అడుగుల దూరంలో ఉంటుంది. మనుషుల మధ్య దూరాల మీద 1960ల్లో ఎడ్వర్డ్ హాల్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త రాశారు. నాలుగు నుంచి పన్నెండు అడుగులు వ్యవహారపు దూరం, అది దాటితే ఉపన్యాసపు దూరం. ఆ అంకెలు తాను చూసిన అమెరికన్లవేనని ఆయనే అన్నారు, మనకి అడుగో రెండడుగులో తేడా ఉండొచ్చు. అయినా లెక్క అర్థమవుతుంది. పన్నెండు అడుగుల అవతల ఉన్న మనిషికి వినబడాలంటే గొంతు పెంచాలి, గొంతు పెంచితే మామూలు మాట కూడా గదమాయింపులా ఉంటుంది. పైన ఫ్యాన్ ఒకటి కరకరమంటుంటే సరే సరి.

ఖాళీగా ఉన్న తరగతి గదిలో కుర్చీలు గుండ్రంగా వేయించి, మీరూ అలాంటి ప్లాస్టిక్ కుర్చీలోనే కూర్చుంటే ఈ ఇబ్బంది సగానికి సగం పోతుంది. కానీ దీనికీ ఒక మూల్యం ఉంది. ఎనిమిది నెలలు టేబుల్ వెనక కూర్చున్న మనిషి హఠాత్తుగా గుండ్రంగా కూర్చుందామంటే, సీఎల్ గొడవ తర్వాత మెత్తబడ్డారని కొందరు అనుకుంటారు. అది ఇష్టం లేకపోతే పాఠాల ప్రణాళిక, పరీక్షల పేపర్లు దిద్దే విషయం లాంటి చర్చలకు గుండ్రంగానూ, ఆర్డర్లు చదివి వినిపించాల్సిన మీటింగులకు మీ గదిలోనూ పెట్టుకోండి. రెండు రకాల కూర్చోవడాలు రెండు రకాల పనులకని నెల తిరిగేసరికి వాళ్ళకే అర్థమవుతుంది. ఇంత కూడా కుదరకపోతే టేబుల్ వెనక నుంచి లేచి, కుర్చీ పక్కకి లాక్కుని కూర్చోండి. మీకూ వాళ్ళకీ మధ్య చెక్క లేకపోవడమే ముఖ్యం.

గొంతు విషయంలో ఒక్కటే చెబుతాను, తెలుగులో మాట్లాడేవాళ్ళకి ఇది మరీ ముఖ్యం. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. "ఎనిమిదింపావుకి అందరూ..." దాకా చెప్పి గొంతు తగ్గిస్తే, చివర ఉన్నది "రావాలి" అనా, "రండి" అనా, "వద్దామా" అనా అన్నది వినబడదు. ఆజ్ఞో, అభ్యర్థనో, ప్రశ్నో తేలేది ఆ చివరి మాటలోనే. కాగితం చూసి చదివేవాళ్ళు వాక్యం చివరికి వచ్చేసరికి కళ్ళు తర్వాతి వాక్యం మీదకి దించేస్తారు, గొంతూ దాంతో పడిపోతుంది. మీరు కాగితం మీద రాసుకుంటానన్నారు కాబట్టి చెబుతున్నా. చూడాల్సింది వాక్యం మొదట్లో, తల ఎత్తాల్సింది క్రియ దగ్గర. మీరు అడిగింది ప్రశ్న అయితే, అడిగాక ఆగండి. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు తరగతుల్లో కొలిచి చూస్తే, టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని తేలింది. దాన్ని మూడు సెకన్లకి పెంచితే మాట్లాడేవాళ్ళూ పెరిగారు, జవాబులూ పొడుగయ్యాయి. పిల్లల దగ్గర తేలిన ఈ సంగతి స్టాఫ్ మీటింగ్‌లోనూ ప్రయత్నించదగ్గదే. "ఎవరికైనా అభ్యంతరమా?" అని అడిగి వెంటనే రిజిస్టర్ మూసేస్తే, అభ్యంతరం చెప్పొద్దని చేత్తో చెప్పినట్టే. మనసులో నెమ్మదిగా ఐదు అంకెలు లెక్కపెట్టుకోండి. మూడో అంకె దగ్గర మీకే ఇబ్బందిగా ఉంటుంది, నాలుగో అంకెకి ఎవరో ఒకరు గొంతు సవరించుకుంటారు.

ఇప్పుడు లెక్కల మాస్టారు. చేతులు కట్టుకోవడం వ్యతిరేకత అని మీ శిక్షకుడు చెప్పింది పక్కన పెట్టండి. "చేతులు కట్టుకుని కూర్చోండి" అని మన బడుల్లో తరతరాలుగా పిల్లలకి చెబుతున్నది మనమే, అది వినయానికి గుర్తుగా. ఎయిర్‌కూలర్ ఎదురుగా ఉన్నా చేతులు కట్టుకుంటాం, ప్లాస్టిక్ కుర్చీకి చేతులు లేకపోయినా కట్టుకుంటాం. ఒకే ఒక్క సైగ చూసి మనిషి మనసు చదవడం అయ్యే పని కాదు. ఎదుటివాడు అబద్ధం చెబుతున్నాడో లేదో కనిపెట్టడం మీద వచ్చిన పరిశోధనలన్నీ 2006లో ఒకచోట చేర్చి చూస్తే జనం సరిగ్గా చెప్పింది నూటికి 54 సార్లు. బొమ్మాబొరుసూ వేసినా 50 వస్తుంది.

చూడాల్సింది సైగని కాదు, మార్పుని. ఆయన ఎప్పుడూ అలాగే కూర్చుంటారా, లేక మీరు మాట్లాడినప్పుడే అలా బిగుసుకుంటారా? ఎంఈఓ వచ్చి మాట్లాడినప్పుడు ఎలా ఉన్నారు? క్రికెట్ గురించి పక్కవాళ్ళు మాట్లాడుతుంటే చేతులు విడిపోతాయా? అందరి దగ్గరా ఒకేలా ఉంటే అది ఆయన కూర్చునే తీరు. మీ దగ్గర మాత్రమే మారితే అప్పుడు ఆలోచించాలి. దానికన్నా గట్టి సాక్ష్యం మీ మూడో పేజీ అడుగున మీరే రాశారు: క్లాసులు టైముకి తీసుకుంటున్నారు. పొద్దున ఎనిమిదింపావుకి, ఆ వయసులో, మనసులో వ్యతిరేకత పెట్టుకుని రోజూ బడికి వచ్చేవాళ్ళు తక్కువ. వ్యతిరేకించేవాళ్ళు మీటింగ్‌లో తల ఊపి క్లాసుకి ఆలస్యంగా వస్తారు.

కిటికీ వైపు ముఖం తిప్పుకోవడానికి ఇంకో కారణం ఉండొచ్చు. అరవైకి దగ్గరపడ్డవాళ్ళలో కొందరికి ఒక చెవి మందగిస్తుంది. బాగా వినబడే చెవి మాట్లాడేవాళ్ళ వైపు పెట్టాలంటే ముఖం పక్కకి తిప్పక తప్పదు. ఆయనకి అదే అని నేననడం లేదు. కానీ తేల్చుకోవడం సులువు. ఒక మీటింగ్‌లో మీరే కిటికీ వైపు, ఆయనకి అవతలి పక్కన కూర్చోండి. అప్పుడూ ఆయన ముఖం కిటికీ వైపే ఉంటే సంగతి చెవిది కావచ్చు, ఊరికే అలవాటూ కావచ్చు. మీ నుంచి అవతలికి, గది లోపలికి తిరిగారంటే మనసుది కావచ్చు. ఈ పరీక్ష ఒకసారి చేసి తీర్పు చెప్పకండి, రెండు మూడుసార్లు చూడండి.

మనసుదే అయితే? పిలుపు మారిన సంగతి ఆయనకి గుచ్చుకుని ఉండొచ్చు. నలుగురిలో "సార్" అనడం సబబే. మీటింగ్‌లో ఆయన్ని "అన్నయ్యా" అంటే మిగతా ఎనిమిది మంది పెద్దవాళ్ళు మేమేం కాదా అనుకుంటారు. విడిగా కనిపించినప్పుడు కూడా "సార్" అనే అంటున్నారా అన్నది మీరు రాయలేదు. అంటుంటే, ఆయన లెక్కలో మీరు పన్నెండేళ్ళ చుట్టరికాన్ని తెంపేసినట్టే. మీ గదికి పిలిపించకండి, అటెండర్ వచ్చి "మేడం రమ్మంటున్నారు" అన్నాక ఏ మాటకైనా సంజాయిషీ రంగు పడుతుంది. ఆయన ఖాళీ పీరియడ్‌లో మీరే వెళ్ళండి, ఎదురుగా కాకుండా పక్క కుర్చీలో కూర్చోండి. "అన్నయ్యా, ఎనిమిదింపావు మీకు ఇబ్బందిగా ఉందా? మీటింగ్‌లో మీరేం అనలేదు" అని అడిగి ఆగండి. "మీరు నా మీద కోపంగా ఉన్నారా?" అని అడిగితే "అబ్బే, అదేం లేదమ్మా" అనే వస్తుంది, మాట అక్కడితో అయిపోతుంది. పని గురించి అడిగితేనే మనసు సంగతి బయటికొస్తుంది. ఆయన దులిపేస్తే దులిపేయనివ్వండి, వాదించకండి. ఈ దారిలో ఉన్న ప్రమాదం, మీరు ఆయన దగ్గరికి వెళ్ళినట్టు స్టాఫ్‌రూమ్‌లో తెలిసి ఇంకెవరో అలగడం. దానికి మందు, ఆ వారంలో ఇంకో ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళ దగ్గర కూడా ఏదో పని మీద అలాగే కూర్చుని రావడం.

మీరెలా కనిపిస్తున్నారో మీరే చూసుకోవాలంటే ఒక మీటింగ్ రికార్డు చేసుకోండి. ముందు రోజే స్టాఫ్‌కి చెప్పండి: "నేను మాట్లాడే తీరు చూసుకోవడానికి నన్ను మాత్రమే వీడియో తీసుకుంటున్నా, మీ ముఖాలు పడవు, ఎవరికీ పంపను." ఎవరికైనా ఇష్టం లేకపోతే మానేయండి, చాటుగా మాత్రం తీయొద్దు, తెలిస్తే పోయిన నమ్మకం తిరిగి రాదు. ఫోన్ వాళ్ళ వెనక, కూర్చున్న మనిషి కంటి ఎత్తులో పెట్టించండి. మొదటి పది నిమిషాలు శబ్దం పూర్తిగా తీసేసి చూడండి. ఒక కాగితం మీద మూడు గళ్ళు గీసుకుని, ఇతరులు మాట్లాడుతున్నప్పుడు ఎన్నిసార్లు చూపు కిందికి దిగింది, ఎన్నిసార్లు తల ఊపారు, నుదురు ఎప్పుడు ముడుచుకుంది అని గీతలు పెట్టుకోండి. తర్వాత తెర బోర్లా పెట్టి గొంతు మాత్రం వినండి, వాక్యం చివర్లు వినబడుతున్నాయా లేదా అని. మొదటిసారి చూసినప్పుడు ఎవరికైనా తమ జుట్టూ ఒళ్ళూ తప్ప ఇంకేం కనబడదు. అందుకని గీతలు పెట్టే పని మర్నాడు పెట్టుకోండి. కొంగు సర్దుకోవడం, గొలుసు తిప్పుకోవడం లాంటివి కనిపిస్తే వదిలేయండి, అవి ఎవరినీ నొప్పించవు. ఒక నెలలో ఒకే అలవాటు మార్చుకోండి. అన్నీ ఒకేసారి పట్టుకుంటే మీటింగ్‌లో మీ ధ్యాస మీ చేతుల మీదే ఉంటుంది, వినేదెవరు? ఎక్కడ మొదలుపెట్టాలంటే, వినేటప్పుడు పెన్ను కింద పెట్టడం దగ్గర.

బదిలీకి అడ్డు చెప్పను. ఇంటికి దగ్గరనో పిల్లల చదువనో అయితే తప్పకుండా పెట్టుకోండి. ఈ కారణం మీదే అయితే మాత్రం, అక్కడా ఇదే టేబుల్, ఇదే ఫోన్, ఇవే కళ్ళద్దాలు ఉంటాయి. పైగా ఇక్కడ ఎనిమిది నెలల్లో ఎవరు ఎలాంటివాళ్ళో మీకు తెలిసింది, అక్కడ ఆ లెక్క మళ్ళీ మొదటి నుంచి. కౌన్సెలింగ్ వచ్చేదాకా ఎటూ సమయం ఉంటుంది, అప్పటి సంగతిని బట్టి నిర్ణయించుకోవచ్చు.

ఇంగ్లిష్ టీచరు సీఎల్ సంగతి మీరు అడగలేదు గానీ, స్టాఫ్ చూస్తున్నది దాన్నే. మనవాళ్ళు తల అటూ ఇటూ ఊపితే వింటున్నానని అర్థం, సరేనని అర్థం, తెలిసిందని కూడా అర్థం. జ్వరంతో ఉన్న బిడ్డ మీద ధ్యాస ఉన్న తల్లి అందులో తనకి కావలసింది తీసుకుంది. ఆమె తప్పేం లేదనిపిస్తుంది. మీరు ఇప్పుడు చేయగలిగినవి మూడు. అలాగే ఉంచేయడం మొదటిది: రూలు నిలబడుతుంది, కానీ ఇకపై ప్రతి చిన్న పర్మిషన్‌కీ కాగితం రాసి సంతకం అడుగుతారు, మీ పని రెట్టింపవుతుంది. సీఎల్ తీసేయడం రెండోది: ఆ అమ్మాయి సంతోషిస్తుంది, "ఏడిస్తే మారుతుంది" అని ఇద్దరు ముగ్గురు గుర్తుపెట్టుకుంటారు. మూడోది, తీసేస్తూ ఆ సంగతి అందరిలో ఒకే మాటగా చెప్పడం: "ఆ రోజు నేను తల ఊపాను, ఆవిడ సరే అనుకున్నారు. సీఎల్ తీసేస్తున్నా. ఇక నుంచి వెళ్ళేవాళ్ళు మూవ్‌మెంట్ రిజిస్టర్‌లో టైము రాసి వెళ్ళండి, నేను నోటితో 'సరే' అంటేనే పర్మిషన్." నేనైతే దీనివైపే మొగ్గుతాను. రిజిస్టర్‌లో దిద్దేటప్పుడు కొట్టివేత మీద తేదీ వేసి పొట్టి సంతకం పెట్టండి, తనిఖీకి వచ్చినవాళ్ళు అడిగేది అదే. మీటింగ్‌లో ఈ మాట చెప్పేముందు ఆ టీచరుకి విడిగా ఒక ముక్క చెప్పండి, బాబుకి ఎలా ఉందో అడగండి, అప్పుడు కూడా పెన్ను కింద పెట్టే.